దేవుని వంతు బియ్యం

"నోటీసు ఇచ్చే ముందు నన్నొక్కమాట అడగాలని తోచలేదు నీకు. అంతేగా జయా?"

ఈ ప్రశ్నను ఫెలిక్స్ నిన్న సాయంత్రం ఒకసారి అడిగాడు. ఈ ఉదయం, భార్య రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటుండగా మళ్ళీ అడిగాడు. రెండు ప్రశ్నలకూ నడుమ అతడు నిండుగా నిద్రపోయాడు. జయకుమారి మాత్రం ఆ రాత్రంతా గుండెజబ్బుల వార్డులో నిలబడే ఉన్నది.

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేవాణ్ణి."

"అందుకే అడగలేదు."

ఆమె స్వరంలో కోపం లేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి. తిన్నగా స్నానాలగదికి వెళ్ళి గీజర్ స్విచ్ మీద చేయి వేసింది. అది కదలలేదు. దాని మీద అడ్డంగా గోధుమరంగు టేపు అతికించి ఉన్నది.

"స్విచ్ మీద ఈ టేపేంటండీ?"

"గీజర్ పొద్దున్న ఏడింటికి ఒక్కసారే. ఇంట్లో అందరికీ ఒకటే రూలు." ఫెలిక్స్ హాల్లోంచి, వార్తాపత్రిక దించకుండానే జవాబిచ్చాడు. పత్రిక పక్కింటివారిది. వారు చదివాక ఇస్తారు. "అయినా ఆ రూలు పెట్టింది నువ్వే. మర్చిపోయావేమో."

ఆమె మరిచిపోలేదు. పెళ్ళైన కొత్తలో, తిలక్ నగర్‌లో మేడ మీది ఒంటిగదిలో ఉన్నప్పుడు ఆ నియమం పెట్టింది ఆమే. అయితే అప్పుడు దానికి ఇంకో సగం ఉండేది. రాత్రి డ్యూటీ చేసినవారు ఇంటికి వచ్చాకనే నీళ్ళు కాచాలి. వారు స్నానం చేయగా మిగిలిన వేడినీళ్ళను తక్కినవారు వాడుకోవాలి. ఫెలిక్స్‌కు మొదటి సగం గుర్తున్నది.

ఆమె చన్నీళ్ళ బకెట్టు వైపు చూస్తూ నిలబడింది. ఫిబ్రవరి వచ్చినా ఢిల్లీ చలి ఇంకా వీడలేదు. అంతలో అత్తగారు నాగేంద్రమ్మ, రెండు చేతులా గుడ్డ పట్టుకొని, పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి బకెట్టులో వంచింది.

"అమ్మా, స్టవ్ మీద నీళ్ళు కాస్తే గ్యాసు అయిపోదూ?" అన్నాడు ఫెలిక్స్.

"అయిపోతుంది" అన్నది నాగేంద్రమ్మ.

అంతకంటె ఆవిడ వివరించలేదు. గిన్నె పట్టుకొని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

ఆ ఇంటికి ఒక మాట ఉన్నది. ఇరవయ్యేళ్ళనాటి మాట.

పదవీ విరమణ చేసిన నెలకే ఛాతీ పట్టుకొని వార్డుకు వచ్చే మనుషులను జయకుమారి ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే చూసింది. అటువంటి ఒక పెద్దాయన, రిషికేశ్ వెళ్ళడానికి కొనుక్కున్న కొత్త కాన్వాసు బూట్లను మంచం కింద పెట్టుకొని, వాటిని వేసుకోకుండానే పోయాడు. ఆ రోజు ఇంటికి వచ్చి భర్తతో అన్నది: మనం అంతదాకా ఆగవద్దు. ఇప్పుడే చేయి బిగబట్టి బతుకుదాం. నాకు నలభై అయిదు వచ్చేసరికి ఇద్దరం ఒకే రోజు మానేద్దాం.

ఫెలిక్స్ సరేనన్నాడు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అతడికి సుఖమైన కుర్చీ ఉండేది. చేయి బిగబట్టి బతికే పని ఎక్కువగా ఆమెకే వచ్చింది. వారపు సంతకు చివరి గంటలో, వ్యాపారులు గోనెలు మడిచే వేళకు వెళ్ళేది ఆమె. కుక్కరులో కిందిగిన్నె పప్పు, పైగిన్నె అన్నం ఒకే మంట మీద ఉడికించేది ఆమె. డ్యూటీకి డబ్బా, సీసాడు నీళ్ళు, చిన్న ఫ్లాస్కులో టీ తీసుకుపోయి, క్యాంటీను మెట్లు ఎక్కకుండా ఇన్నేళ్ళూ గడిపింది ఆమె. ఆటో ఎక్కడం మానేసి మెట్రో దాకా నడిచింది. అలవెన్సు వస్తుందని తోటి నర్సులు వద్దన్న రాత్రి డ్యూటీలను అడిగి వేయించుకున్నది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, మేజోళ్ళ కింద దాగి ఉన్నాయి.

పోయిన జూలైలో ఫెలిక్స్ స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళకు. "ముందు నేను దిగుతాను. క్రిస్మస్‌కల్లా నువ్వు దిగు" అన్నాడు. తెలుగు ఉద్యోగుల సంఘంవారు అతడిని పిలిచి శాలువా కప్పారు. చిన్న వయసులో విశ్రాంతి పొందడం ఎలాగో మాట్లాడమన్నారు. అతడు బాగా మాట్లాడాడు. ఆ వీడియోను జనక్‌పురి నుంచి నోయిడా దాకా తెలుగువారు ఒకరికొకరు పంపుకున్నారు. క్రిస్మస్ వెళ్ళిపోయింది.

కొత్త సంవత్సరం నాడు జయకుమారి ఉద్యోగం మానేస్తానని నోటీసు ఇచ్చింది. ఫెలిక్స్‌కు ఆ సంగతి చెప్పింది మాత్రం నిన్ననే. ఫిబ్రవరి చివర ఆమె ఆఖరి రోజు.

*

స్నానం చేసి వచ్చేసరికి ఉప్మా సిద్ధంగా ఉన్నది. ఫెలిక్స్ ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడతని గొంతు మెత్తబడింది.

"అనుగ్రహ డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఉంది జయా. పిల్ల చదువు అయ్యేదాకా ఆగమంటున్నాను. తప్పా?"

గది గుమ్మంలో నిలబడి జుట్టు దువ్వుకుంటున్న అనుగ్రహ, తన పేరు వినపడగానే తల తిప్పింది. "డాడీ, ప్లీజ్. మేరా నామ్ మత్ లో, నన్ను మధ్యలోకి లాగొద్దు. నా ఫీజు మమ్మీ అప్పుడే పక్కన పెట్టేసింది."

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు..."

"అచ్ఛా, నేను చిన్నదాన్ని. ఠీక్ హై. మమ్మీ కో సోనే దో, బస్. పడుకోనివ్వండి." ఆ పిల్ల దువ్వెనతో సహా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నది.

జయకుమారి ఉప్మా పళ్ళెం పక్కకు జరిపింది. "పిల్ల చదువుకి డబ్బు ఉంది. మీ పెన్షన్ ఉంది. మనం దాచింది ఉంది. నేను నాలుగుసార్లు కూడి చూశాను. సరిపోతుందా లేదా మీరే చెప్పండి."

ఫెలిక్స్ ఒళ్ళోని పత్రికను సవరించుకున్నాడు.

"సరిపోతుంది" అన్నాడు చివరకు. "కానీ మిగలదు."

"మిగలాలని ఎప్పుడనుకున్నాం?"

"ఉన్నది తగ్గుతుంటే చూస్తూ కూర్చోవాలంటావా? నావల్ల కాదు. ఇంట్లో ఒక జీతమైనా వస్తుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుంది."

"మీ మనసుకి."

అతడు పత్రిక మడిచి, మడత మీద గోరుతో గీసి, లేచాడు. ఆశ్చర్యమేమంటే అతడి ముఖంలో ఓడిపోయినవాడి ఛాయ లేదు. "అన్నీ సర్దుకుంటాయిలే. సూసమ్మ మేడమ్ మంచి మనిషి" అన్నాడు, నర్సింగ్ సూపరింటెండెంటు పేరు ఎత్తుతూ. ఆ పేరు అప్పుడెందుకు వచ్చిందో జయకుమారికి అర్థం కాలేదు. నిద్రమత్తులో అడగనూ లేదు.

*

మధ్యాహ్నం లేచి వంటింట్లోకి వెళ్ళి చూస్తే గట్టు మీద చిన్నగిన్నెలో బియ్యం ఉన్నాయి. అది నాగేంద్రమ్మ చేయి. ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి ఆ గిన్నెలో వేస్తుంది. మోకాళ్ళ నొప్పులతో వంగలేదు గనుక, గట్టు కింద ఉన్న డబ్బాలో వాటిని పోసే పని కోడలిది. నెల మొదటి ఆదివారం ఆ డబ్బా చర్చికి, అక్కడి తెలుగు సంఘానికి వెళుతుంది. వైద్యం కోసం ఆంధ్ర నుంచి ఢిల్లీకి వచ్చి, పెద్దాసుపత్రుల వరండాల్లో పడుకునే రోగుల బంధువులకు ఆ బియ్యంతో అన్నం వండిపెడతారు. ఇంట్లో దేనికి కోత పడినా ఆ పిడికిలికి మాత్రం ఎన్నడూ పడలేదు.

జయకుమారి వంగి చూసింది. గట్టు కింద డబ్బా లేదు.

బాల్కనీ పిట్టగోడ మీద, కడిగి బోర్లించి ఉన్నది.

"ఆ డబ్బా చూశావా?" వెనకనుంచి ఫెలిక్స్ అడిగాడు. అతడు ఉత్సాహంగా ఉన్నాడు. "మూలన పడి ఉంది. నిండా బియ్యం. ఎప్పుడు కొన్నావో ఏమో, నువ్వే మర్చిపోయావు. నిన్న తెచ్చి వాడుకునే బియ్యంలో కలిపేశాను. వారం రోజులు బస్తా కొనే పని తప్పింది. తిన్నారుగా, ఎవరికైనా తేడా తెలిసిందా? రేపు చర్చిలో నా సాక్ష్యంలో ఇది చెప్పాలి. జనానికి ఇలాంటివి పడతాయి."

ఆ ఇంట్లో డబ్బాలన్నీ ఒకటే రకం. హాస్పిటల్లో ఖాళీ అయిన ప్రోటీన్ పొడి డబ్బాలను జయకుమారి ఏళ్ళ తరబడి తెచ్చి కడిగి వాడింది. పేర్లు అతికించలేదు. ఏది ఎక్కడ ఉంటే అందులో ఏమున్నదో ఆడవారిద్దరికీ తెలుసు. ఫెలిక్స్ ఆరు నెలలుగా వంటింటి సామాను తన అధీనంలోకి తీసుకున్నాడు. ఏది ఎందుకు అక్కడ ఉన్నదని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమె నోరు తెరవబోయింది. నాగేంద్రమ్మ ఆమె మణికట్టు పట్టుకున్నది.

ఫెలిక్స్ హాల్లోకి వెళ్ళాక జయకుమారి గొంతు తగ్గించింది. "సాయంత్రం బియ్యం తెచ్చి నింపేస్తాను అత్తయ్యా. ఎవరికీ తెలీదు."

"దేవుడికి?"

"ఆయన కావాలని చేశాడా?"

"చేయలేదు. తెలీక చేశాడు. చిన్నప్పుడు ఆ బియ్యం వాడి నెత్తినే పెట్టి గుడికి పంపేదాన్ని." నాగేంద్రమ్మ కోడలి మణికట్టు వదలలేదు. "జయమ్మా, ఈ ఇంట్లో ఏది తరిగినా వాడు చూసేలోపు నువ్వు నింపేస్తావు. అందుకే వాడికి నింపేవాళ్ళు ఉంటారన్న సంగతే తెలీదు. ఈసారి నింపకు. ఖాళీగానే రానీ."

"నలుగురిలో ఆయన పరువు..."

"నీ ఎముకలకంటే గట్టిదే అది."

అయినా ఆమె మనసు ఒప్పలేదు. సాయంత్రం అతడు సాక్ష్యం కోసం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా దగ్గరకు వెళ్ళింది.

"ఏవండీ, రేపు ఆ బియ్యం సంగతి ఎత్తకండి. ఆ డబ్బా ఎవరిదంటే..."

"జయా." ఇస్త్రీపెట్టె ఆపి, నవ్వుతూ చూశాడు. "ఇంతమంది నా మాట వింటున్నారు. పొదుపు గురించి నువ్వు నాకు పాఠం చెప్తావా?"

ఆమె అతడిని ఒక క్షణం చూసింది. తరువాత వెళ్ళి ఖాళీ డబ్బాను తెల్లని గుడ్డలో కట్టింది.

*

జనక్‌పురిలోని ఆ ప్రార్థనామందిరాన్ని రెండు సంఘాలు పంచుకుంటాయి. ఉదయం తెలుగువారు, మధ్యాహ్నం మలయాళీలు. పాస్టర్ ఆమోసు వేళ తప్పని మనిషి గనుక, ఆరాధన మొదలైన కొద్దిసేపటికే ఫెలిక్స్‌ను సాక్ష్యానికి పిలిచాడు.

ఫెలిక్స్ బాగా మాట్లాడాడు. ఒకే మంట మీద పప్పూ అన్నమూ ఉడికించడం గురించి చెప్పాడు. సంతకు చివరి గంటలో వెళ్ళాలని చెప్పాడు. ఇంటి టీ ఫ్లాస్కులో తీసుకుపోయేవాడికి బయటి టీ రుచించదని చెబితే జనం నవ్వారు. ప్రతి వాక్యంలోనూ మేము అన్నాడు. అయితే వేదిక మీద ఒక్కడే ఉన్నాడు.

"మొన్ననే చూడండి. వంటింటి మూలన మరిచిపోయిన డబ్బా ఒకటి కనబడింది. నిండా బియ్యం. వారం రోజులు మా ఇంటిల్లిపాదికీ అవే సరిపోతాయి. ఉన్నదాన్ని వెతికి వాడుకోండి, దేవుడు లేనిదాన్ని ఇస్తాడు."

"స్తోత్రం" అన్నారు ముందువరుసలోని మగవారు.

ఆడవారి వైపు నుంచి ఆ మాట రాలేదు. ఒకామె ఒడిలోని డబ్బాను దగ్గరకు జరుపుకున్నది. మరొకామె మెల్లగా తల తిప్పి జయకుమారిని చూసింది. జయకుమారి ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నది.

"చివరిగా ఒక సంతోషవార్త. రోగుల సేవే దేవుని సేవ అని నమ్మిన నా భార్య, తనకు విశ్రాంతి దొరికే అవకాశం ఉన్నా వదులుకొని, ఇంకో అయిదేళ్ళు ఆ సేవలోనే కొనసాగాలని నిశ్చయించుకుంది."

ఈసారి స్తోత్రం అన్నివైపుల నుంచీ వచ్చింది. పక్కన కూర్చున్న పాస్టరమ్మగారు ఆమె భుజం నిమిరి, "ధన్యురాలివి సిస్టర్" అన్నది.

జయకుమారి లేవబోయింది. నాగేంద్రమ్మ ఆమెకంటె ముందే లేచింది.

అప్పటికే కానుకల పాట మొదలైంది. మందిరం ముందు పెద్ద ఇత్తడి గంగాళం పెట్టారు. ఆడవారు వరుసగా వెళ్ళి తమ బియ్యం అందులో పోస్తున్నారు. పోసినప్పుడల్లా ఇత్తడి మీద జల్లుమని చప్పుడయ్యేది. డబ్బా అడుగున గింజ మిగలకుండా అరచేత్తో రెండు దెబ్బలు వేయడం అందరి అలవాటు.

నాగేంద్రమ్మ వంతు వచ్చింది. తెల్లని గుడ్డ విప్పింది. మూత తీసింది. డబ్బాను తలకిందులు చేసి గంగాళం మీద పట్టుకున్నది.

చప్పుడు లేదు.

అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. కాసేపు అలాగే పట్టుకొని నిలబడింది. వెనకవరుసల్లో పాట దానంతటదే ఆగిపోయింది.

"నాగేంద్రమ్మ గారూ..." అన్నాడు పాస్టర్ ఆమోసు.

"మా ఇంటి వంతు ఏమైందో ఇప్పుడే సాక్ష్యంలో విన్నారుగా అయ్యగారూ."

వేదిక పక్కన నిలబడిన ఫెలిక్స్ ఆ డబ్బాను చూశాడు. ముందు దాన్ని, తరువాత తల్లి ముఖాన్ని, ఆ తరువాత గంగాళాన్ని చూశాడు. అతని చేయి చొక్కా గుండీ మీదకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. సంఘంలోని తగవులకు అలవాటుపడిన పాస్టరుగారు తరువాతి పాటను వేళకంటె ముందే ఎత్తుకున్నాడు.

*

"నాకు చెప్పి ఉండొచ్చు" అన్నాడు ఫెలిక్స్, మందిరం మెట్ల మీద.

"చెప్పబోయాను. పాఠం చెప్తావా అన్నారు."

"అందరి ముందూ అమ్మ అలా చేస్తుంటే చూస్తూ కూర్చున్నావు."

"అందరి ముందూ మీరు నా అయిదేళ్ళు ఇచ్చేస్తుంటే కూడా కూర్చునే ఉన్నాను."

అతడు ఇటూ అటూ చూశాడు. తెలుగువారు వారి పక్కనుంచి, ఎన్నడూ లేనంత వినయంగా, కళ్ళు దించుకొని దిగిపోతున్నారు. "బియ్యం రెట్టింపు కొని ఇస్తాను. సరేనా? ఇంటికి పద. అక్కడ మాట్లాడుకుందాం."

అప్పుడే మలయాళీ ఆరాధనకు వస్తున్నవారిలోంచి సూసమ్మ పైకి ఎక్కి వచ్చింది. బంగారు అంచు తెల్లచీర, చేతిలో బైబిలు. జయకుమారిని చూసి ముఖమంతా విప్పారింది.

"జయా, నాకెంత నిశ్చింతగా ఉందో" అన్నది హిందీలో. "నువ్వు మనసు మార్చుకున్నావని ఫెలిక్స్ శుక్రవారం ఫోన్ చేశాడు. మార్చి నుంచి ఐసీయూ ఇన్‌ఛార్జిగా నీ పేరే పెట్టాను. ఆ చోటుకు నువ్వే తగినదానివి."

సూసమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది. ఆమె చిరునవ్వు సన్నగిల్లింది.

"శుక్రవారం" అన్నది జయకుమారి.

ఫెలిక్స్ గొంతు సవరించుకున్నాడు. "మనమంచికేగా జయా."

ఆమె అతడి వైపు తిరగలేదు. "మేడమ్, ఆ మాట నాది కాదు. నా ఆఖరి రోజు మారలేదు."

"మరి ముందే చెప్పొద్దూ?" సూసమ్మ కలవరపడింది. "రేపు పొద్దున్నే డైరెక్టరు సంతకం పెట్టేస్తారు. పెట్టాక ఏడాదిదాకా నిన్ను కదపనివ్వరు. ఇవాళ ఇంకో రెండు గంటలే రౌండ్లలో ఉంటారు. వెళితే నువ్వే వెళ్ళి నీ నోటితో చెప్పాలి. నేను ఆపలేను జయా, నా చేతిలో లేదు."

"వెళ్తాను మేడమ్."

ఆమె మెట్లు దిగింది. నాగేంద్రమ్మ గోడ పట్టుకొని, ఒక్కో మెట్టే, ఆమె వెనకే దిగింది. దిగే ముందు చేతిలోని ఖాళీ డబ్బాను కొడుకు చేతుల్లో పెట్టింది. అతడు కాదనలేదు.

రోడ్డు అంచుకు వచ్చి, జయకుమారి ఆటోకు చేయి ఎత్తింది. ఇన్నేళ్ళలో ఆమె చేయి అలా లేవడం ఫెలిక్స్ ఎన్నడూ చూడలేదు.

"జయా, మెట్రో ఉందిగా" అన్నాడు. అతడి నోటి నుంచి ఆ మాట అలవాటుగా వచ్చింది. వచ్చాక అతడికే వినపడింది.

ఆటో ఆగింది. జయకుమారి హాస్పిటల్ పేరు చెప్పింది. డ్రైవరు అడిగిన కిరాయి రెట్టింపు అని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆమె బేరమాడకుండా అత్తగారి మోకాలికి చేయి ఆసరా ఇచ్చి ఎక్కించి, తాను ఆవిడ పక్కన కూర్చున్నది.

సీటు అంచున ఇంకొకరికి చోటు మిగిలి ఉన్నది.

డ్రైవరు ఇంజను ఆపకుండా వెనక్కి తిరిగి, డబ్బా పట్టుకొని నిలబడిన మనిషిని చూశాడు.

"భాయ్‌సాబ్ భీ చలేంగే క్యా?" అన్నాడు, ఈయన కూడా వస్తారా అని.

జయకుమారి ముందుకే చూస్తున్నది. ఆమె జరగమనలేదు, పొమ్మనీ అనలేదు. నాగేంద్రమ్మ కొడుకు ముఖంలోకి చూస్తూ, అతడే చెప్పాలని ఊరుకున్నది.